ఇది ఏ షిఫ్టు రా?

ముందే ఒప్పేసుకుంటున్నా, నేను జేమ్స్ బాండు పిచ్చోణ్ణి. ముప్పైకి ఇంకో ఏడాది ఉంది, ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు, ఇంకా పోలేదా నీ పిచ్చి అని మా అక్క అడుగుతూనే ఉంటుంది. పోలేదు. చిన్నప్పుడు టీవీలో తెలుగు డబ్బింగులో ‘క్యాసినో రాయల్’ చూసినప్పుడు పట్టుకుంది. 2012 నవంబరులో ‘స్కైఫాల్’ వచ్చినపుడు ఇంటర్ ఫస్టియర్, కాలేజీ ఎగ్గొట్టి మరీ చూశా. 2015లో ‘స్పెక్టర్’ వచ్చేసరికి ఇంజనీరింగు. అందులో ముద్దు సీన్లని మన సెన్సారువాళ్ళు సగానికి కోసేస్తే, బాండుకి ‘సంస్కారి’ అని బిరుదిచ్చి దేశమంతా నవ్వుకుంది, గుర్తుందా? ఆ గోలలో నా వంతు జోకులు నేనూ వేశా :)

2025 జూన్ చివరి వారంలో, రాబోయే బాండు సినిమాకి డెనిస్ విల్నెవ్ దర్శకుడని ప్రకటించారు. ‘డూన్’ తీసినాయన. ఆ ఊపులో ఓ నిర్ణయం తీసుకున్నా. 1962 నాటి ‘డాక్టర్ నో’ నుంచి 2021 నాటి ‘నో టైమ్ టు డై’ దాకా మొత్తం 25 సినిమాలూ వరుసపెట్టి మళ్ళీ చూడాలి. ఆదివారానికి ఒకటి. ఎక్సెల్ షీటు కూడా తయారుచేశా. సాఫ్టువేరోణ్ణి కదా, షీటు లేకపోతే పని మొదలవ్వదు.

మా ఇల్లు ఇస్నాపూర్. ఆఫీసు గచ్చిబౌలి. వారంలో మూడు రోజులు వెళ్ళాలి, రెండు రోజులు ఇంటి నుంచే. పటాన్‌చెరు, పాశమైలారం, ఇటు సంగారెడ్డి దాకా ఈ హైవే మీద పెరిగినవాళ్ళకి బాండు సినిమా సెట్టింగులు పెద్దగా కొత్తగా అనిపించవు. పొగగొట్టాలు, స్టీలు ట్యాంకులు, ముళ్ళకంచె, రాత్రంతా వెలిగే లైట్లు, గేటు దగ్గర సెక్యూరిటీ. ఎద్దుమైలారంలో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఉంది, సైన్యానికి యుద్ధ వాహనాలు చేస్తుంది. మన ఐఐటీ హైదరాబాదు 2008లో పుట్టింది కూడా ఆ ఆవరణలోనే, తర్వాత కంది వెళ్ళింది. నా స్కూలు ఫ్రెండు వాళ్ళ నాన్న ఆ ఫ్యాక్టరీలో చేసేవారు. లోపల ఏం చేస్తారంకుల్ అని అడిగితే, ‘క్యాంటీన్లో ఇడ్లీ బాగుంటుంది’ అనేవారు. నేను చూసిన అసలైన గూఢచారి ఆయనే. ఇక 1969 నాటి ‘ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్’లో విలన్ బ్లోఫెల్డ్ ప్రపంచంలోని పంటలు, పశువులు గొడ్డుబోయేలా చేస్తానని బెదిరిస్తాడు. ఆ తర్వాత మూడేళ్ళకి, 1972లో, మా పటాన్‌చెరులో ఇక్రిశాట్ వచ్చింది. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ... వీటి విత్తనాల రకాల్ని లక్షకు పైగా చలిగదుల్లో దాచిపెడుతుంది. బ్లోఫెల్డుకి తెలిసుంటే ముందు ఇక్కడికే వచ్చేవాడు.

సరే, అసలు విషయానికొస్తా.

జూన్ 29 ఆదివారం రాత్రి ‘డాక్టర్ నో’ పెట్టా. మా నాయిన కూడా వచ్చి కూర్చున్నాడు. నాయినకి బాండు అంటే సూపర్‌స్టార్ కృష్ణే. ‘గూఢచారి 116’ 1966లో వచ్చింది, అంటే డాక్టర్ నోకి నాలుగేళ్ళకే తెలుగులో మన బాండు దిగిపోయాడన్నమాట. దానికి కెమెరా పట్టిన రవికాంత్ నగాయిచ్ ఆ మరుసటేడే జితేంద్రతో ‘ఫర్జ్’గా హిందీలో తీశాడు. ఆ తర్వాత ‘జేమ్స్ బాండ్ 777’, ‘ఏజెంట్ గోపి’, ‘రహస్య గూఢచారి’... 1989లో ‘గూఢచారి 117’ వచ్చేనాటికి మా నాయిన పెళ్ళి కాని కుర్రాడు, సంగారెడ్డి పోయి రెండుసార్లు చూశాడట. 2022 నవంబరులో కృష్ణ పోయినపుడు ఆ రోజంతా ఎవరితో సరిగ్గా మాట్లాడలేదు. అలాంటి మనిషి షాన్ కానరీని చూసి ‘మంచిగనే ఉన్నడు’ అని ఒప్పుకోవడమే గొప్ప.

ఇంకో విషయం చెప్పాలి. నాయిన పాశమైలారంలో ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో ఇరవై ఆరేళ్ళు పనిచేశాడు. హెల్పరుగా చేరి ఆపరేటరుగా దిగిపోయాడు. నా ఇంజనీరింగు ఫీజులో రీయింబర్స్‌మెంటు పోగా మిగిలిందంతా ఆయన నైట్ షిఫ్టుల్లోంచి వచ్చిందే.

సినిమా క్లైమాక్సుకి వచ్చింది. దీవిలో డాక్టర్ నో రహస్య స్థావరం. పైకి బాక్సైటు గని, లోపల అణు రియాక్టరు. రక్షణ సూట్లు వేసుకున్న పనివాళ్ళు ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నారు. బాండు ఒకణ్ణి కొట్టి, వాడి సూటు వేసుకుని లోపలికి పోతాడు, చక్రం తిప్పుతాడు, రియాక్టరు అదుపు తప్పుతుంది. జనం పరుగో పరుగు. స్థావరం పేలిపోతుంది. బాండు, హీరోయిను పడవలో.

నాయిన అడిగాడు: ‘ఇది ఏ షిఫ్టు రా?’

‘ఏంటి నాయినా?’

‘గంతమంది లోపల్నే ఉన్నరు. షిఫ్టు మారే టైమా? అసెంబ్లీ పాయింటు ఏడుంది? పేలినంక హెడ్ కౌంట్ తీసిన్రా, లేదా?’

నేను పడీపడీ నవ్వా. వెంటనే మా టీమ్ గ్రూపులో పెట్టా, ‘మా నాన్న డాక్టర్ నో ఫ్యాక్టరీకి సేఫ్టీ ఆడిట్ చేస్తున్నాడు’ అని. పదకొండు మంది నవ్వు బొమ్మలు పెట్టారు.

తెల్లారితే సోమవారం, జూన్ 30. ఇంటి నుంచే పని. పొద్దున తొమ్మిది దాటింది, స్టాండప్ కాల్లో ఉన్నా. చప్పుడు వినిపించింది. కిటికీ అద్దాలు అదిరాయి. నా ఇయర్‌ఫోన్లలోంచి మేనేజరు ‘ఏంటది’ అని అడిగాడు. బయటికొచ్చి చూస్తే పాశమైలారం వైపు పొగ. నాయిన అప్పటికే బండి తాళం చేతిలో పట్టుకున్నాడు. ఆ కంపెనీ ఆయన చేసింది కాదు. ఐనా అందులో తెలిసినవాళ్ళు ఉంటారు. ఈ బెల్టులో ఇరవై ఆరేళ్ళు చేసినవాడికి ఏ కంపెనీ గేటు దగ్గరైనా తెలిసిన మొహాలే.

మా కింద పోర్షన్లో ఒడిశా కుర్రాళ్ళు నలుగురు అద్దెకుంటారు. వేరే కంపెనీలో చేస్తారు. అందులో ఒకడు నైట్ షిఫ్టు చేసొచ్చి పడుకున్నాడు. వాడి ఫోను ఆగకుండా మోగుతోంది. ఊర్లో ఎవరో టీవీలో చూశారు. అమ్మ, చెల్లి, మేనమామ, పక్కింటివాళ్ళు... అందరికీ వాడు ఒకటే మాట చెప్తున్నాడు. వాళ్ళ భాష నాకు రాదు గానీ, ఏం చెప్తున్నాడో అర్థమైంది. బతికే ఉన్నా అని.

నాయిన రాత్రి పదింటికి వచ్చాడు. అన్నం తినలేదు. గేటు బయట ఫోన్లలో ఫోటోలు చూపించుకుంటూ తిరుగుతున్నవాళ్ళ గురించి చెప్పాడు. మా తమ్ముడు, మా ఆయన, మా బావ... చూశారా అని. బీహారు, ఒడిశా, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవాళ్ళు చాలామంది, మన తెలుగువాళ్ళూ ఉన్నారు. మొదటి రోజు ఒక లెక్క, రెండో రోజు ఇంకో లెక్క. ఆ తర్వాత కొన్ని వారాలకి తేలింది ఏంటంటే 46 మంది చనిపోయారు, ఎనిమిది మంది ఆనవాలే దొరకలేదు. వాళ్ళనీ కలిపితే 54.

ముందు రోజు రాత్రి మా నాయిన అడిగిన ప్రశ్నలే ఆ వారమంతా టీవీల్లో అడిగారు. ఏ షిఫ్టు? లోపల ఎంతమంది? గ్రూపులో నేను పెట్టిన జోకు తీసేద్దామని చూస్తే టైము దాటిపోయింది, తీయనివ్వలేదు.

తర్వాత మూడు నెలలు ఎక్సెల్ షీటు తెరవలేదు. దసరా సెలవుల్లో నాయినే అన్నాడు, ‘నీ బాండు ఏమాయె, ఆపేసినవ్?’ అని. మళ్ళీ మొదలుపెట్టాం. ఐతే ఈసారి నా కళ్ళు హీరో మీద నిలవట్లేదు, వెనకాల ఉన్న జనం మీదికే పోతున్నాయి. ఒకసారి చూపు అటు మళ్ళాక వెనక్కి రాదు, ఏం చేస్తాం.

‘యు ఓన్లీ లివ్ ట్వైస్’ (1967) చూడండి. అగ్నిపర్వతం లోపల బ్లోఫెల్డ్ రాకెట్ కేంద్రం. కెన్ ఆడమ్ వేసిన ఆ సెట్టుకి పది లక్షల డాలర్ల దాకా అయింది, డాక్టర్ నో సినిమా మొత్తానికి ఐన ఖర్చు అంత! మోనో రైలు, క్రేన్లు, రంగురంగుల ఓవరాల్స్‌లో పనివాళ్ళు. నాకు ఈ సిరీస్ మొత్తంలో ఇష్టమైన సెట్ ఇదే, ఇప్పటికీ ఇదే. చివర్లో నింజాలు దిగుతారు, కాల్పులు, పేలుళ్ళు, ఓవరాల్స్ వేసుకున్నవాళ్ళు పిట్టల్లా రాలిపోతారు. ఇదివరకు ఆ సీన్లో విజిలేసేవాణ్ణి. ఈసారి రంగులు చూశా. ఫలానా రంగు వేసుకున్నవాళ్ళు మెయింటెనెన్సా? వెల్డర్లా? వీళ్ళలో ఎంతమందికి బ్లోఫెల్డ్ అంటే ఎవరో తెలుసు? ఎవడో కాంట్రాక్టరు తెచ్చి దించేసి పోయుంటాడు. సినిమాలో హీరోకే అప్పటిదాకా వాడి మొహం తెలియదు, ఇక వెల్డరుకి ఏం తెలుస్తుంది!

‘ద మ్యాన్ విత్ ద గోల్డెన్ గన్’ (1974) ఇంకా వింత. విలన్ సౌర విద్యుత్ ప్లాంటులో ఉన్న టెక్నీషియను ఒక్కడంటే ఒక్కడు. హీరోయిను పానాతో కొడితే వాడు ద్రవ హీలియం తొట్టిలో పడతాడు, వాడి ఒంటి వేడికి ఉష్ణోగ్రత పెరిగి ప్లాంటు మొత్తం పేలిపోతుంది. నాయిన రెండు మాటలన్నాడు. ‘రెయిలింగు లేదు. మ్యాన్ పవర్ లేదు.’ ఇంత ఖర్చు పెట్టి కట్టినోడు ఇంకో మనిషిని పెట్టుకోలేదా అని ఆయన బాధ. నేను నవ్వా. ఆయన నవ్వలేదు, తర్వాత ఆయనా నవ్వాడు.

నవ్వు రానిది ‘ఎ వ్యూ టు ఎ కిల్’ (1985). రోజర్ మూర్ ఆఖరి బాండు, అప్పటికి ఆయనకి 57 ఏళ్ళు. ఫాన్సు ఈ సినిమాని అంతగా లెక్కలో వేసుకోరు, నేను కూడా షీటులో ఎప్పుడూ ఆఖరి వరసలో పెట్టేవాణ్ణి. గనిలో పని అయిపోయాక విలన్ జోరిన్ నీళ్ళు వదులుతాడు. పారిపోతున్న తన సొంత పనివాళ్ళనే మెషిన్‌గన్‌తో కాల్చి చంపుతాడు, నవ్వుకుంటూ. రోజర్ మూర్‌కి కూడా ఆ సీన్లు నచ్చలేదు, ఇవి అసలు బాండు సినిమాలో ఉండాల్సినవి కాదని తర్వాత చెప్పాడు. చిన్నప్పుడు నాకూ నచ్చలేదు, బాండు లేని సీను ఇంతసేపు ఎందుకని.

ఇప్పుడు చూస్తే అనిపించింది, ఇన్ని సినిమాల్లో పనివాళ్ళ చావుని హత్యగా చూపించింది ఇక్కడే. మిగతా చోట్ల చంపేది బాండు గనక అది బాణసంచా. ఇక్కడ చంపింది విలన్ గనక మనకి కడుపులో తిప్పింది. చచ్చినవాళ్ళు మాత్రం రెండుచోట్లా ఒకటే, హెల్మెట్టు పెట్టుకుని పనికొచ్చినవాళ్ళు. నాయిన ఈ సీను అవుతున్నంతసేపూ ఏం మాట్లాడలేదు. లేచి పోయి నీళ్ళు తాగొచ్చాడు.

‘లైసెన్స్ టు కిల్’ (1989) దగ్గర మాత్రం బాగా మాట్లాడాడు, ఎందుకంటే అది ఆయన సబ్జెక్టు. ధ్యాన కేంద్రం ముసుగులో కొకైన్ ల్యాబు, సరుకుని పెట్రోలులో కరిగించి ట్యాంకర్లలో పంపుతారు. ‘సాల్వెంటే గద రా’ అని ముందుకి జరిగి కూర్చున్నాడు. పైపులో సాల్వెంటు పారేటప్పుడు దానంతటదే కరెంటు పుడుతుందట, అందుకే ట్యాంకుకీ డ్రమ్ముకీ ఎర్తింగు క్లిప్పు పెట్టందే వాల్వు తిప్పకూడదు. ‘గా క్లిప్పు పెట్టనీకి అర నిమిషం. బ్యాచు లేటాయె అని సూపర్వైజరు మీద నిలవడితె గా అర నిమిషమే దొరకది’ అన్నాడు. సాల్వెంటే కాదు, పొడి కూడా అంతే. పిండి, చక్కెర, ఏదైనా సరే, సన్నటి పొడి గాల్లో లేచి గది నిండితే ఒక్క నిప్పురవ్వ చాలు. నేను కెమిస్ట్రీలో చదివి మార్కులు తెచ్చుకుని మర్చిపోయా. ఆయన పదో తరగతి ఫెయిలు, గుర్తుపెట్టుకున్నాడు, గుర్తుపెట్టుకోబట్టే బతికి రిటైరయ్యాడు. ఆయనతో చేసిన ఇద్దరు కాలేదు. అది 2000ల మొదట్లో సంగతి. పేపర్లో రెండు లైన్లు వచ్చిందట, ‘ఇద్దరు కార్మికుల మృతి’ అని. పేర్లు లేవు. నాయిన ఆ పేర్లు నాకు మొదటిసారి ఆ రాత్రి చెప్పాడు. ఇక్కడ రాయను, వాళ్ళ ఇళ్ళవాళ్ళు ఇక్కడే ఉన్నారు.

మధ్యలో మనోళ్ళ కోసం కాస్త కాలక్షేపం కూడా దొరికింది లెండి. ‘గోల్డెన్ ఐ’ (1995)లో బోరిస్ హ్యాకింగు చూసి ఎంత నవ్వుకున్నానో. స్కైఫాల్లో ఐతే, విలన్ దగ్గర పట్టుకున్న ల్యాప్‌టాపుని క్యూ గారు తిన్నగా ఎంఐ6 నెట్‌వర్కుకి తగిలిస్తారు! మా ఆఫీసులో పెన్‌డ్రైవు పెడితేనే మెయిలు వస్తుంది, ఈయన్ని ఏ సెక్యూరిటీ ట్రైనింగుకీ పంపలేదా? :)

‘స్పెక్టర్’ దగ్గరికి వచ్చేసరికి సంక్రాంతి సెలవులు. ఎడారిలో బ్లోఫెల్డ్ స్థావరం. బాండు గ్యాసు పైపులు పేల్చేసి హీరోయిన్ని తీసుకుని బయటపడతాడు, మొత్తం లేచిపోతుంది. మొరాకోలో తీసిన ఆ పేలుడుకి ఎనిమిది వేల లీటర్లకు పైగా కిరోసిన్ వాడారు, సినిమా కోసం చేసిన అతి పెద్ద పేలుడని గిన్నిస్ వాళ్ళు సర్టిఫికెట్టు ఇచ్చారు. ఇంజనీరింగులో ఉన్నప్పుడు దీని మేకింగు వీడియో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

ఐతే పేలుడికి ముందు ఒక సీను ఉంది, అది నాకు అస్సలు గుర్తులేదు. బ్లోఫెల్డ్ బాండుని ఒక పెద్ద గదిలోకి తీసుకెళ్తాడు. వరసగా కంప్యూటర్లు, వరసగా ఉద్యోగులు. పని ఆపి, అందరూ ఒక్కసారి ఇటు తిరిగి చూస్తారు. ఓవరాల్స్ లేవు, హెల్మెట్లు లేవు. మనలాంటివాళ్ళు. మానిటర్ ముందు కూర్చుని ఎవరి డేటా వాళ్ళు చూసుకుంటున్నవాళ్ళు. క్లయింటు ఎవరో, డేటా ఎక్కడిదో, దేనికో అడగనివాళ్ళు. నెల తిరిగేసరికి జీతం పడిందా లేదా. నైట్ షిఫ్టు అలవెన్సు ఉందా లేదా.

కాసేపటికి ఆ గది కూడా లేచిపోయింది. గిన్నిస్ రికార్డు.

నాయిన నావైపు చూశాడు. ఈసారి ఏ షిఫ్టు అని అడగలేదు.

ఇక్కడ నా గురించి ఒకటి చెప్పాలి. నేను చేసే ప్రాజెక్టు ఏంటంటే ఫ్యాక్టరీలకి హాజరు, గేటు ఎంట్రీ చూసే సాఫ్టువేరు. ఎమర్జెన్సీ వస్తే లోపల ఎవరున్నారో చూపించే రిపోర్టు కూడా దాంట్లో భాగమే. అందులో రెగ్యులర్ ఉద్యోగులకి టేబుల్ ఉంది. పేరు, ఫోటో, బ్లడ్ గ్రూపు, ఇంటి ఫోను నంబరు. కాంట్రాక్టు వాళ్ళకి? ఒక కాలమ్ ఉంది. ‘కాంట్రాక్టర్ కౌంట్’. డేటా టైపు ఇంటీజర్. పొద్దున గేటు దగ్గర ఎవరో ఒక అంకె కొడతారు, అంతే. ఆ కాలమ్ పెట్టింది నేను కాదు, నాకంటే ముందునుంచీ ఉంది. కానీ రెండేళ్ళుగా దాని మీద రిపోర్టులు రాస్తోంది నేనే. ఒక్కసారి కూడా అనిపించలేదు, ఈ అంకెకి ఫోన్ చేయడం ఎట్లా అని.

పండగ అయ్యాక టికెట్టు వేశా. అంకె తీసేసి పేర్లు పెట్టాలి, ఊరు పెట్టాలి, ఇంటివాళ్ళ నంబరు పెట్టాలి అని. మేనేజరు మంచివాడే, చదివాడు. ‘క్లయింటు అడగలేదు కదా’ అన్నాడు. ఇప్పుడది బ్యాక్‌లాగులో ఉంది, ప్రయారిటీ లో. ప్రతి స్ప్రింటు ప్లానింగులో ఒకసారి ఎత్తుతున్నా. అందరూ ఓపిగ్గా వింటున్నారు.

ఇదంతా ఒక ఫ్రెండుకి చెప్తే, ‘సినిమాని సినిమాలా చూడరా బాబూ, ఎక్స్‌ట్రాలకి కూడా బయోడేటాలు కావాలా’ అన్నాడు. నిజమే. ప్రతి ఓవరాల్ వెనకా కథ చెప్పాలంటే బాండు సినిమా నడవదు. ఆ పేలుళ్ళు చూసి మనం ఆనందించడానికి లోపలున్నవాళ్ళు ‘విలన్ మనుషులు’ అనే ఒక్క ముద్ర చాలు. సినిమాకి అది సౌకర్యం, ఒప్పుకుంటా. నా బాధ సినిమాతో కాదు. ఆ ముద్ర వేసే అలవాటు హాల్లోంచి నాతోపాటు బయటికొచ్చి, పాతికేళ్ళు ఈ హైవే మీద నాతోనే తిరిగింది. కంపెనీ బస్సు అద్దంలోంచి షిఫ్టు వదిలిన జనాన్ని రోజూ చూస్తూ, ఇస్నాపూర్ చౌరస్తాలో ఈ ట్రాఫిక్ ఏంట్రా అని విసుక్కున్నవాణ్ణి నేను. ఒకప్పుడు ఆ జనంలో మా నాయిన కూడా ఉండేవాడని తెలిసి కూడా.

పిచ్చి పోయిందా అంటే పోలేదు. థీమ్ మ్యూజిక్ మొదలైతే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. విల్నెవ్ సినిమా మొదటి రోజే చూస్తా.

షీటులో ఇంక ఒక్కటే మిగిలింది, ‘నో టైమ్ టు డై’. చూడనివాళ్ళు ఈ పేరా వదిలేయండి. దాంట్లో కూడా దీవి మీద ఒక ఫ్యాక్టరీ ఉంది, దాన్ని కూడా పేల్చేస్తారు. ఐతే ఈసారి పడవ లేదు. క్షిపణులు వచ్చేసరికి బాండు ఆ కప్పు మీదే నిలబడి ఉంటాడు. 25 సినిమాల్లో పేలుడప్పుడు అక్కడే మిగిలిపోయినవాడిగా బాండు ఉండటం ఇదొక్కసారే. తర్వాత ఆఫీసులో అందరూ గ్లాసులు పట్టుకుని అతని పేరు తలుచుకుంటారు.

వచ్చే ఆదివారం పెడదామనుకుంటున్నా. నాయినకి కథ చెప్పలేదు. కింద పోర్షన్ కుర్రాణ్ణి కూడా పిలవమన్నాడు, వాడికి ఆ రోజు జనరల్ షిఫ్టట.